ఓడిపోవాలని కోరుకున్న వరస

ఆగస్టు చివరి శనివారం. టార్విల్ గూడబాతుల జట్టు, చేత్తో పట్టి కాలితో తన్నే ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో, ఆ ఏటికి ఆఖరి ఆట ఆడబోతోంది. ఉత్తరం వైపు స్టాండులో, వాన పడితే చెవులు చిల్లులు పడేలా మోగే రేకు కప్పు కింద, ఏళ్ళ తరబడి ఒకే వరసలో కూర్చుంటున్న ముగ్గురు ముసలివాళ్ళు తమ జన్మలో ఎన్నడూ చేయని పనికి ఒడిగట్టారు. ఇవాళ మన జట్టు ఓడిపోవాలని కోరుకుందాం అని ఒట్టు పెట్టుకున్నారు.

ఓడిపోవడం టార్విల్‌కి కొత్తేమీ కాదు. ఆ విద్యలో వాళ్ళకి మెల్‌బోర్న్‌లోనే కాదు, దేశం మొత్తం మీద సాటి వచ్చేవాళ్ళు లేరు. ఆ ఏడు మార్చి నుంచి ఆడగా ఆడగా ఒక్కటంటే ఒక్క ఆట గెలిచారు. అది కూడా పెర్త్‌లో, అవతలి జట్టులో సగం మంది కడుపునొప్పితో మంచం ఎక్కితే. క్లబ్బువాళ్ళు మాత్రం దీన్ని ఓటమి అనరు. పునర్నిర్మాణం అంటారు. అయిదేళ్ళుగా అదే మాట. ప్రతి సోమవారం కోచ్ టీవీలో కనబడి, పునాదులు పడుతున్నాయి, ఓపిక పట్టండి అంటాడు. పునాదులట, పునాదులు. మూరెడు గోడ లేచిన పాపాన పోలేదు గానీ, ఉన్న మంచి ఆటగాళ్ళందరినీ పక్క జట్లకి సాగనంపి, మీసాలు రాని కుర్రాళ్ళని తెచ్చి మైదానంలో నిలబెట్టారు. గాలి గట్టిగా వీస్తే కంచె పట్టుకుని నిలబడే బాపతు.

"మా కొట్టు కాలి బూడిదైతే మా నాన్న మూణ్ణెల్లలో మళ్ళీ కట్టాడు" అనేవాడు ఆ ముగ్గురిలో ఒకడైన స్టావ్, కోచ్ మాట ఎత్తినప్పుడల్లా. "ఇంగ్లీషు ముక్క రాకుండా. వీళ్ళకేం రోగం?"

స్టావ్‌ది చేపలూ బంగాళాదుంప ముక్కలూ వేయించి అమ్మే కొట్టు. వాళ్ళ నాన్న గ్రీసు నుంచి ఓడ దిగి టార్విల్‌లో అద్దెకి దిగిన రోజున, పక్కింటాయన మొదట చేతిలో పెట్టింది గూడబాతుల నీలం తెలుపు మఫ్లరు. చలికి అని పాపం ఆయన చుట్టుకున్నాడు. ఆ చుట్టుకోవడం చుట్టుకోవడం ఇప్పటిదాకా వదల్లేదు. స్టావ్‌కి అవతల కుర్చీ డాట్‌ది. బళ్ళో క్యాంటీన్ నడిపి నడిపి రిటైరైన మనిషి. రెండు వేల మంది పిల్లల్ని వరసలో నిలబెట్టిన గొంతు అది. అంపైర్లు ఆవిడ గొంతు గుర్తుపడతారని చెప్పుకునేవాళ్ళు. ఇటు చివర నెవిల్ పెంగెలీ. ట్రాము నడిపేవాడు, ఇప్పుడు మనవరాల్ని నడిపిస్తున్నాడు.

ఒట్టుకి కారణం ఉంది. ఏడాది చివర పాయింట్ల పట్టికలో అట్టడుగున తేలిన జట్టుకి ఒక ఓదార్పు బహుమతి లాంటిది ఇస్తారు. నవంబరులో కొత్త కుర్రాళ్ళని జట్లన్నీ పంచుకునేటప్పుడు, అందరికంటే ముందు ఏరుకునే హక్కు దానిదే. ఆ ఏడు ఏరుకోవడానికి ఆంగస్ టుల్లీ అనే కుర్రాడున్నాడు. గోధుమ పొలాల వైపు పిల్లాడు, పదిహేడేళ్ళకే గుమ్మాల్లో వంగి నడుస్తాడు, ఏ మూల నుంచి తన్నినా బంతి గోల్‌కి నాటిన పెద్ద కర్రల మధ్య నుంచే పోతుంది. టార్విల్ జనం వాడి ఫోటో చూసి ముసలీ ముతకా కళ్ళొత్తుకుంటున్నారు. టార్విల్ అట్టడుగున ఉంది. దానికి సరిగ్గా పైన వెస్ట్‌మోర్ ఉంది. ఆఖరి ఆట ఈ ఇద్దరికే. ఓడినవాడికి ఆంగస్ దక్కుతాడు.

"కాబట్టి ఇవాళ ఒక్కరోజు నోరు మూసుకుని కూర్చుంటే, వచ్చే పదేళ్ళు నోరారా అరుచుకోవచ్చు" అంది డాట్. "ఎవరు నోరు జారితే వాళ్ళు వెళ్ళి మిగతా వాళ్ళకి టీ పట్టుకురావాలి. ఆ క్యూలో నిలబడి."

స్టావ్ వెంటనే చెయ్యి కలిపాడు. నెవిల్ కూడా కలిపాడు గానీ, చల్లారిన మాంసం పై ముక్క మింగినవాడిలా మొహం పెట్టాడు.

నెవిల్ బాధ వేరు. అతని అల్లుడు క్రెయిగ్ మంచివాడే, పిల్లని బాగా చూసుకుంటాడు, అత్తమామల పుట్టినరోజులు మర్చిపోడు. ఒక్కటే అవలక్షణం. కింగ్స్‌బ్రిడ్జ్ జట్టు మనిషి. కింగ్స్‌బ్రిడ్జ్ అంటే ఏటేటా కప్పు గెలవడమో, గెలవలేదని ముక్కు చీదడమో చేసే డబ్బున్న జట్టు. ఆ ఇంట్లో పుట్టిన ఒక్కగానొక్క బ్రైడీకి తొమ్మిదేళ్ళొచ్చినా ఏ జట్టూ లేదు. అడిగితే "నాకు అగ్నిపర్వతాలిష్టం" అంటుంది. తొమ్మిదేళ్ళ పిల్లకి జట్టు లేకపోవడం ఆ ఊళ్ళో పేరు పెట్టకపోవడం లాంటిది. కిందటి క్రిస్మస్‌కి, పెరట్లో రొయ్యలు కాలుస్తూ, ఎండా బీరూ కలిసి నెత్తికెక్కిన వేళ మామా అల్లుడూ పందెం వేసుకున్నారు. ఈ సీజనంతా పిల్ల నెవిల్‌తో ఆటకి వెళ్తుంది. ఆఖరి ఆట అయిన సాయంత్రం తనే చెప్తుంది, ఎవరి జట్టో. ఆ తరవాత ఓడినవాడు ఆ మాట మళ్ళీ జన్మలో ఎత్తకూడదు.

"ఒక్క గెలుపు చూస్తే చాలు, పిల్ల మనదే" అన్నాడు నెవిల్ ఆ రాత్రి భార్యతో. భార్య అవతలికి తిరిగి పడుకుంది.

ఆ ఒక్క గెలుపు పెర్త్‌లో వచ్చింది. ఆ సాయంత్రం బ్రైడీ స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్ళి ట్రాంపొలీన్ మీద ఎగురుతోంది. మిగతా శనివారాలన్నీ ఆ పిల్ల రేకు కప్పు కింద తాత పక్కన కూర్చుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, అగ్నిపర్వతాల గురించి చదువుకుంది. ఎవరైనా మరీ గట్టిగా అరిస్తే తలెత్తేది. "ఏమైంది?" అనేది. "వాళ్ళు ఇంకో గోల్ కొట్టారమ్మా" అనేవాడు నెవిల్. "ఓహో" అని మళ్ళీ పేజీలోకి వెళ్ళిపోయేది. ఆ 'ఓహో' వినబడ్డప్పుడల్లా నెవిల్ ప్రాణం ఉసూరుమనేది. ఏడవకపోతే పోయె, విసుక్కున్నా బాగుండును కదా.

ఆ సంగతి వరసలో అందరికీ తెలుసు. చేతులు కలిపాక, పిల్ల ఇంకా టాయిలెట్ నుంచి రాకముందే, నెవిల్ నీళ్ళు నమిలాడు.

"నేను చెయ్యి కలిపాన్లే, కాదన్ను. కానీ ఇవాళ గెలవకపోతే బ్రైడీ క్రెయిగ్ వైపు వెళ్ళిపోద్ది."

"నెవ్, నువ్వు పెద్దవాడివి, బుర్రతో ఆలోచించు" అన్నాడు స్టావ్. "పిల్ల ఒక్కత్తి. ఆంగస్ అయితే ఏడాదికి అరవై గోల్స్."

"నా మనవరాలురా అది."

"మనవరాలు ఎక్కడికి పోద్ది? ఆదివారం భోజనానికి రాదా? ఆంగస్ వస్తాడా మీ ఇంటికి భోజనానికి?"

డాట్ నెవిల్ చెయ్యి పట్టుకుంది. "నాకూ బాధగానే ఉంది నాయనా. మా పెద్దాడు పెళ్ళాం మాట విని సిడ్నీ జట్టుకి మారినప్పుడు మూడు నెలలు వాడితో మాట్లాడలేదు నేను. తట్టుకున్నాను. నువ్వూ తట్టుకుంటావు."

అంతలో బ్రైడీ వచ్చి కూర్చుని పుస్తకం తీసింది. సైరన్ మోగింది. ఆట మొదలైంది.

ఏ దయ్యం పట్టిందో గానీ టార్విల్ కుర్రాళ్ళు ఆ రోజు ఆడటం మొదలుపెట్టారు. ఏడాది పొడుగునా ఒకడి చేతిలో బంతి ఇంకొకడికి అందలేదు. అటువంటిది గాల్లోకి లేచి పట్టుకుంటున్నారు, పరుగెత్తుతున్నారు, ఒకళ్ళ పేర్లు ఒకళ్ళకి గుర్తున్నాయి. మొదటి గోల్ పడింది. మైదానమంతా ఒక చిత్రమైన నిశ్శబ్దం. ఒట్టు పెట్టుకున్నది ఈ ముగ్గురే కాదన్నమాట. వేల మంది నీలం తెలుపు మఫ్లర్లు చుట్టుకుని, పక్కింటివాడికి లాటరీ తగిలినట్టు మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు.

"ఇదేం పోయేకాలం వీళ్ళకి" అన్నాడు స్టావ్ పళ్ళ బిగువున. "ఏప్రిల్లో ఆడమంటే ఆడలేదు. మేలో కాళ్ళు పట్టుకున్నంత పని చేశాం. ఇప్పుడు గుర్తొచ్చిందా?"

రెండో గోల్. మూడోది. డాట్ కళ్ళు మూసుకుంది. అప్పుడు అంపైర్ ఈల ఊది, ఏ తప్పూ చేయని టార్విల్ కుర్రాడి మీద తప్పు మోపి బంతి వెస్ట్‌మోర్ చేతికిచ్చాడు. మామూలు రోజైతే డాట్ నోట్లోంచి ఆ అంపైర్ ఏడు తరాలూ బయటికి వచ్చేవి. ఇవాళ ఆవిడ కళ్ళు తెరిచి చూసి, "చాలా బాగా చూశాడు" అంది నెమ్మదిగా. "కళ్ళు మంచివి ఆ అబ్బాయివి."

ముందు వరసలో ఆయన వెనక్కి తిరిగి డాట్‌ని ఎగాదిగా చూశాడు. ఒంట్లో బాగానే ఉందా అన్నట్టు.

నెవిల్ సంగతి చెప్పనక్కర్లేదు. గోల్ పడ్డప్పుడల్లా లోపల గుండె ఎగిరి గంతేస్తోంది, పైన మొహం మాత్రం చావింటికి వచ్చినవాడిలా పెట్టాలి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీదే కూర్చున్నాడు. ఓరగా మనవరాల్ని చూశాడు. పేజీ తిప్పింది. ఇంకాసేపటికి మళ్ళీ చూశాడు. ఈసారి పుస్తకం తెరిచే ఉంది గానీ పిల్ల కళ్ళు మైదానం మీదున్నాయి.

"తాతా, ఆ ముప్పై ఎనిమిదో నంబరు ఎవరు? సాక్స్ జారిపోతున్నాయి చూడు."

"కోబీ లాన్యన్ అమ్మా. కొత్త పిల్లాడు."

"పరిగెడుతూనే ఉన్నాడు. ఎవరూ బంతి ఇవ్వట్లేదు."

"ఇస్తే ఏం చేస్తాడో అని భయం. ఏడాదిలో ఒక్క గోల్ కొట్టలేదు పాపం."

"ఇవ్వకుండా ఎలా కొడతాడు?" అంది బ్రైడీ.

నాలుగు క్వార్టర్లలో మూడోది అయ్యేసరికి టార్విల్ మూడు గోల్స్ ముందుంది. ఆటగాళ్ళు మైదానం మధ్యలో గుంపుగా చేరి కోచ్ చెప్పేది వింటున్నారు. స్టాండులో జనం మాంసం పైలు కొరుకుతూ గొంతులోకి దిగక అవస్థ పడుతున్నారు. స్టావ్ అయితే సాస్ వేసుకోవడం కూడా మర్చిపోయాడు. సన్నగా వాన మొదలైంది. బ్రైడీ పుస్తకం మూసి సంచిలో పెట్టేసింది.

"మనవాళ్ళు గెలుస్తున్నారు కదా, అందరూ ఎందుకిలా ఉన్నారు?"

ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చివరికి స్టావే చెప్పాడు. అట్టడుగు, ఆంగస్, అరవై గోల్స్, అన్నీ చెప్పాడు. కొట్లో వచ్చిన పిల్లలకి చేప ముళ్ళు తీసి పెట్టినంత ఓపిగ్గా చెప్పాడు.

బ్రైడీ అంతా విని, "అయితే మనం ఓడిపోవాలని ఆడుతున్నామా?" అంది.

"అబ్బే, ఆడేవాళ్ళు గెలవాలనే ఆడుతున్నారమ్మా. మేమే ఓడిపోవాలనుకుంటున్నాం."

"ఆ సంగతి వాళ్ళకి తెలుసా?"

"ఎవరికి?"

"కోబీ వాళ్ళకి. మీరు ఇలా అనుకుంటున్నారని చెప్పారా?"

స్టావ్ తన చేతిలో కొరికిన పై ముక్క వైపు చూశాడు. డాట్ మఫ్లరు సర్దుకుంది. తల తీసి మొలేసినట్టయింది ముగ్గురికీ. బ్రైడీ ముందుకి జరిగి, గడ్డం కింద పిడికిళ్ళు పెట్టుకుని మైదానం చూస్తూ కూర్చుంది.

నాలుగో క్వార్టర్‌లో వెస్ట్‌మోర్ లేచింది. తడిసిన బంతి టార్విల్ కుర్రాళ్ళ చేతుల్లోంచి సబ్బులా జారిపోతోంది. వెస్ట్‌మోర్ ఒక గోల్ కొట్టింది. ఇంకోటి కొట్టింది. పథకం ప్రకారం ఈ ముగ్గురూ ఆనందించాలి. స్టావ్ "హమ్మయ్య" అన్నాడు గానీ, ఆ హమ్మయ్యలో ఊపిరి లేదు. మూడో గోల్ పడి లెక్క సమానమైంది. అప్పుడు వెస్ట్‌మోర్ లావుపాటి ఆటగాడొకడు కోబీని వెనక నుంచి మెడ పట్టుకుని బురదలో పడేశాడు. అంపైర్ చూడనట్టు అటు తిరిగాడు.

డాట్ లేచి నిలబడింది. ఎప్పుడు లేచిందో ఆవిడకే తెలియదు.

"మెడ మీద చెయ్యి వేస్తే కనబడలేదా నీకు, గుడ్డి సన్నాసీ. మీ అమ్మ నిన్ను కళ్ళద్దాలు లేకుండా బయటికెందుకు పంపించింది."

రేకు కప్పు మోగింది. కింద అంపైర్ తుళ్ళిపడి మెడ తిప్పి చూశాడు. మైదానంలో అంతసేపూ బిగబట్టిన వేల గొంతులు, డాట్ తలుపు తీసినట్టు ఒక్కసారి బయటపడ్డాయి. స్టావ్ గ్రీకులో ఏదో అంటున్నాడు, ఇంగ్లీషులో ఇంకేదో అంటున్నాడు, ఒక బూటు విప్పి చేత్తో పట్టుకున్నాడు, ఎందుకో దేవుడికే తెలియాలి. నెవిల్ చేతులు తొడల కింద నుంచి బయటికి వచ్చేశాయి. ఆంగస్ టుల్లీ ఎవరో, ఏ ఊరో, ఆ క్షణాన అడిగితే ఒక్కడూ చెప్పలేడు.

వెస్ట్‌మోర్ నాలుగు పాయింట్ల ముందుకి వెళ్ళింది. గోల్ కొడితే ఆరు పాయింట్లు, గురి తప్పి పక్క కర్రల మధ్య నుంచి పోతే ఒకటి. అంటే టార్విల్‌కి ఒక్క గోల్ చాలు. గడియారం అయిపోవస్తోంది. బంతి గుంపులోంచి ఎగిరి, ఎవరికీ అక్కర్లేనట్టు, ఒంటరిగా నిలబడ్డ కోబీ లాన్యన్ మీదికి వచ్చింది. వాడు కళ్ళు మూసుకున్నాడని తరవాత డాట్ ప్రమాణం చేసి చెప్పింది. మూసుకున్నాడో లేదో గానీ, గుండెలకి హత్తుకుని పట్టేశాడు. నేల తాకకుండా పట్టాడు కాబట్టి తన్నే హక్కు వాడిదే. సైరన్ మోగింది. ఆట అయిపోయింది, ఆ ఒక్క తన్నూ తప్ప.

పెద్ద దూరం కాదు. నెవిల్ ఈ వయసులో కూడా పదింట్లో ఆరు కొట్టగల దూరం. కోబీ జారిన సాక్స్ పైకి లాక్కున్నాడు. బంతి పొట్టకి తుడుచుకున్నాడు.

"తాతా" అంది బ్రైడీ. నెవిల్ కోటు చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏడాదంతా ఆ పిల్ల ఆటలో అతన్ని పట్టుకోవడం అదే మొదలు. "కొడతాడు కదా?"

"కొడతాడమ్మా" అన్నాడు నెవిల్.

కోబీ నాలుగడుగులు పరిగెత్తి తన్నాడు. బంతి చక్కగా లేచింది, తిన్నగా పోయింది, గాలికి ఒక్క పిసరు పక్కకి ఒరిగింది. ఎడమ వైపు పెద్ద కర్రకి తగిలి ఠంగుమంది. కర్రకి తగిలితే ఒకటే పాయింటు. టార్విల్ మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయింది.

తరవాత స్టాండులో ఒక మూల నుంచి చప్పట్లు మొదలయ్యాయి. కావలసింది దొరికింది కదా మరి. స్టావ్ బూటు కిందపెట్టి, అందులో కాలు దూర్చి, "సరేలే. ఆంగస్ మనవాడే ఇంక" అన్నాడు. కొడుకు పోయాక ఇన్సూరెన్సు వచ్చిందని చెప్పే మనిషిలా అన్నాడు. డాట్ కూడా రెండు చప్పట్లు కొట్టింది.

"కొట్టకండి" అంది బ్రైడీ.

అందరూ తిరిగి చూశారు. పిల్ల కుర్చీ మీదికెక్కి నిలబడింది. మొహం ఎర్రగా కందిపోయింది, ముక్కూ కళ్ళూ ఏకధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా లేదు.

"ఎందుకు కొడుతున్నారు చప్పట్లు? ఓడిపోయాం మనం. మీవల్లే. పొద్దున్నించీ కూర్చుని ఓడిపోవాలి ఓడిపోవాలి అనుకున్నారు. వాడక్కడ కూర్చుని ఏడుస్తున్నాడు చూడండి. చూడండి ఒకసారి."

కోబీ కర్ర కింద బురదలో కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. వెస్ట్‌మోర్ లావుపాటివాడే వచ్చి వీపు తడుతున్నాడు.

రెండు వేల మంది పిల్లల్ని గదమాయించిన డాట్ ఒక్క పిల్ల ముందు చేతులు దించేసి కూర్చుండిపోయింది. స్టావ్ కంచె దగ్గరికి దిగి వెళ్ళి, "బాగా తన్నావ్ నాయనా. కర్రదే తప్పు" అని అరిచి వచ్చాడు. ఏడాదిలో స్టావ్ ఒక ఆటగాణ్ణి మెచ్చుకోవడం అదొక్కసారే.

నెవిల్ మాత్రం మనవరాలి మొహమే చూస్తున్నాడు. క్రిస్మస్ నుంచి అతను కోరుకున్నది ఇదే. పుస్తకం మూసెయ్యాలి, లేచి నిలబడాలి, ఓడితే కడుపు రగిలిపోవాలి. రగిలిపోతోంది. పిల్ల తనదైపోయింది, ఇంక ఏ కింగ్స్‌బ్రిడ్జూ ఊడపీకలేదు. ఎగిరి గంతెయ్యాల్సిన మనిషి, ఆ కారే ముక్కూ వెక్కిళ్ళూ చూసి లోపల్లోపల కుంగిపోయాడు. ఏం చేశాను నేను. హాయిగా అగ్నిపర్వతాలు చదువుకునే పిల్లని తెచ్చి ఈ గుంటలో పడేశాను. రేపు పెద్దదవుతుంది, శనివారాలు అన్నం సహించదు, పెళ్ళి ముహూర్తం ఆటల పట్టిక చూసి పెట్టుకోమంటుంది, ముసలిదై ఇదే రేకు కింద కూర్చుని పునాదులు పడుతున్నాయి అనే మాట వింటుంది.

బయటికి నడుస్తున్నప్పుడు దాని చెయ్యి పట్టుకుని, ప్రాణం చిక్కబట్టుకుని, జన్మలో అననని అనుకున్న మాట అన్నాడు.

"బ్రైడీ, చూడమ్మా. మీ నాన్న జట్టు మంచిది."

పిల్ల వెక్కిళ్ళ మధ్య తలెత్తింది.

"నిజంగా మంచిది. అబద్ధమెందుకు. బాగా ఆడతారు. గెలుస్తారు. స్టాండు కూడా కొత్తది, కుర్చీలకి మెత్తలుంటాయి. వాన పడదు నెత్తి మీద." ఒక్కో మాటకీ నోరు చేదెక్కిపోతోంది, అయినా ఆపలేదు. "సెప్టెంబరులో కప్పు కోసం కూడా ఆడతారు వాళ్ళు. మనకి ఆగస్టుతోనే అయిపోద్ది. నువ్వు అటు వెళ్ళినా నేనేం అనుకోను. నీ సుఖమే నాకు కావాలి."

బ్రైడీ ముక్కు కోటు చేతికి తుడుచుకుంది, అది తాత కోటు.

"ఆ పొడుగు అబ్బాయి వస్తే కోబీని తీసేస్తారా?"

నెవిల్‌కి తెలుసు. కొత్తవాడు వస్తే పాతవాడు పోవాల్సిందే. పునర్నిర్మాణం అంటే సగం అదే. "తీసేస్తారేమో అమ్మా."

"అయితే నాకు ఆ పొడుగు అబ్బాయి వద్దు" అంది బ్రైడీ. "ఆ కింగ్స్‌బ్రిడ్జూ వద్దు. ఇంకెప్పుడూ ఆ మాట నాతో అనకు తాతా."

తిట్టినట్టే అంది.

ట్రాము స్టాపు అవతల క్రెయిగ్ కారు ఆపుకుని, తలుపుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. రేడియోలో అంతా విన్నాడు. మొహం వెలిగిపోతోంది. నెత్తి మీద కింగ్స్‌బ్రిడ్జ్ టోపీ, చేతిలో అలాంటిదే ఇంకోటి, చిన్న సైజుది, పిల్ల కోసం కొని తెచ్చాడు.

"ఏం నెవ్, కర్రకి తగిలిందటగా. ఆ కర్ర కూడా పునర్నిర్మాణంలో భాగమేనా?" అన్నాడు. తరవాత మోకాళ్ళ మీద వంగి, "ఏమ్మా బ్రైడీ. ఇవాళ చెప్తానన్నావు. ఎవరి జట్టు మరి?"

బ్రైడీ తండ్రి వైపు చూసింది. ఆయన చేతిలో టోపీ చూసింది. మొహం మళ్ళీ మెలికలు తిరిగింది. "నాతో మాట్లాడకు నాన్నా" అని, వెనక తలుపు తీసుకుని కారెక్కి, తలుపు ధడేల్మని వేసుకుంది. అద్దంలోంచి చూస్తే సీట్లో పడి వెక్కి వెక్కి ఏడుస్తోంది.

క్రెయిగ్‌కి అర్థమైంది. ఫుట్‌బాల్ ఇంట్లో పుట్టి పెరిగినవాడు, ఆ ఏడుపు ఏ ఏడుపో ఇంకొకళ్ళు చెప్పాల్సిన పని లేదు. చిన్న టోపీని మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. పందెం గెలిచిన మామ ఏమంటాడో అని తయారుగా నిలబడ్డాడు. నెవిల్ దగ్గర ఆ రోజు కోసం దాచుకున్న మాటలు బోలెడున్నాయి. ట్రాములో, స్నానం చేస్తూ, నిద్ర పట్టనప్పుడు తయారుచేసుకున్నవి. వాటన్నిటినీ పక్కన పెట్టాడు.

"తప్పైపోయింది క్రెయిగ్" అన్నాడు.

ఇద్దరూ వానలో నిలబడి కాసేపు కారు లోపలికే చూశారు. లోపల ఏడుపు ఆగడం లేదు. మధ్యలో ఒకసారి ముందు సీటుని కాలితో తన్నిన చప్పుడైంది.

"ఎన్నాళ్ళుంటుంది ఇలా?" అన్నాడు క్రెయిగ్ చివరికి. పిల్లకి జ్వరం వస్తే డాక్టర్ని అడిగే గొంతుతో అడిగాడు.

నెవిల్ టోపీ తీసి నీళ్ళు దులుపుకున్నాడు.

"నాకు ఎనిమిదో ఏట పట్టుకుంది. తగ్గితే నీకు కబురు చేస్తాను."